అద్దె కారు తాళం చేతికొచ్చాక: బ్రేకు, గేరు, బాణం గుర్తుల కథ

ఈసారి ఏ కారు ఎక్కినా ఒక పని చేయండి. పెట్రోల్ ఎంత ఉందో చూపించే మీటర్ ఉంటుంది కదా, అందులో బంకు బొమ్మ పక్కన చిన్న బాణం ఉందేమో చూడండి. ఆ బాణం ఎటు చూపిస్తే ట్యాంకు మూత అటు ఉన్నట్టు. సొంత కారు నడిపేవాళ్లకి దీంతో పని లేదు, మూత ఎటుందో వాళ్లకి తెలుసు. మరి ఎవరి కోసం పెట్టారు? తనది కాని కారు నడిపేవాళ్ల కోసం.

1986లో ఫోర్డ్ కంపెనీలో జిమ్ మోయ్‌లన్ అని ఒక ఇంజనీర్ ఉండేవాడు. ఒకరోజు ఆఫీసు వాళ్ల కారు తీసుకుని బయల్దేరాడు. మధ్యలో పెట్రోల్ పోయించాల్సి వచ్చింది. బయట వాన. తీరా చూస్తే మూత అవతలి వైపు ఉంది. తడిసి ముద్దయ్యాడు. తిరిగొచ్చాక విసుక్కుని ఊరుకోలేదు, మీటర్ పక్కన ఒక గుర్తు పెడదాం అని పైవాళ్లకి రాసి పంపాడు. 1989 నాటికి ఆ బాణం కార్లలోకి వచ్చేసింది. ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలూ పెడుతున్నాయి.

ఇవాళ మన టాపిక్ ఇదే. తెలియని కారులో కూర్చున్న మనిషికి ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? చిన్న ప్రశ్నలా ఉంది కదా. కానీ దీని వెనక ప్రాణాలున్నాయి.

మొదట అద్దె కార్ల సంగతి. 1918లో అమెరికాలోని షికాగోలో వాల్టర్ జేకబ్స్ అనే 22 ఏళ్ల కుర్రాడు ఒక డజను ఫోర్డ్ మోడల్ టీ కార్లతో అద్దె వ్యాపారం మొదలుపెట్టాడు. 1923లో దాన్ని జాన్ హెర్ట్జ్ కొన్నాడు. ఇవాళ విమానాశ్రయాల్లో కనిపించే హెర్ట్జ్ బోర్డు వెనకున్న కథ ఇది.

ఇప్పుడు ఆ మోడల్ టీలో మిమ్మల్ని కూర్చోబెట్టామనుకోండి. కింద మూడు పెడల్స్ ఉంటాయి. హమ్మయ్య, మన కారులాగే ఉంది అనుకుంటారు. కాదు. ఎడమది గేరు మార్చడానికి. మధ్యది రివర్స్. కుడిది బ్రేకు. మరి యాక్సిలరేటర్ ఏది? అది కాలికి లేదు, స్టీరింగ్ కింద చేత్తో లాగే చిన్న లివర్. అంటే ఇవాళ్టి అలవాటుతో బ్రేకు అనుకుని మధ్య పెడల్ తొక్కితే రివర్స్ పడుతుందన్నమాట! 1908 నుంచి 1927 దాకా ఇలాంటి కార్లు కోటిన్నర అమ్ముడయ్యాయి. మిగతా కంపెనీలది ఎవరి పద్ధతి వాళ్లది.

క్లచ్ ఎడమ, బ్రేకు మధ్య, యాక్సిలరేటర్ కుడి అనే వరస 1916 నాటి క్యాడిలాక్ టైప్ 53 కారులో కనిపిస్తుంది. 1922లో బ్రిటన్‌లో వచ్చిన ఆస్టిన్ 7 అనే చిన్న కారు ఆ వరసని మామూలు జనం దాకా తీసుకెళ్లింది. ఇవాళ ఫీనిక్స్‌లో ఎక్కినా, గుంటూరులో ఎక్కినా బ్రేకు మన కాలికి వెతక్కుండా దొరుకుతోందంటే కారణం అదే.

పెడల్స్ గొడవ తీరింది. తర్వాత ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి, మళ్లీ అదే గొడవ. 1950ల్లో అమెరికాలో కొన్ని కార్లలో పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, లో అనే వరస ఉండేది. ఇంకొన్నింటిలో రివర్స్ చిట్టచివర, లో గేరు పక్కనే ఉండేది. క్రైస్లర్ అయితే 1956 మోడల్ నుంచి కొన్నేళ్లు లివర్ బదులు బటన్లే పెట్టింది. ఒక కారుకి అలవాటు పడిన చెయ్యి ఇంకో కారులో లో గేరు అనుకుని రివర్స్ వేస్తే? వెనక ఎవరున్నారో వాళ్ల గతి అంతే. 1965లో రాల్ఫ్ నేడర్ కార్ల భద్రత మీద రాసిన పుస్తకంలో ఈ గేర్ల వరసనీ గట్టిగా తప్పుపట్టాడు. 1968 జనవరి 1 నుంచి అమెరికా ప్రభుత్వం రూలు పెట్టింది: ముందుకెళ్లే గేర్లకీ రివర్స్‌కీ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలి.

మా అమ్మానాన్నలతో ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లినప్పుడు ఈ చరిత్రంతా నాకు ఒక్క నిమిషంలో కళ్ల ముందుకొచ్చింది. అద్దె కారు తాళం చేతిలో పెట్టి అక్కడి అబ్బాయి వెళ్లిపోయాడు. లోపల చూస్తే గేరు లివరే లేదు, గుండ్రటి నాబ్ ఉంది. అమ్మ వెనక డిక్కీలో సూట్‌కేసులు సర్దుతోంది. నాన్న ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపారు. ఆయన ముందు సీట్లో కూర్చుని ఒకటే మాట అన్నారు: "ఆగరా. మీ అమ్మ వచ్చి కూర్చునేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. ముందు రివర్స్ ఎక్కడుందో నాకు చూపించు."

తర్వాత దార్లో చెప్పారు. డిపోలో ఒక్కోరోజు ఒక్కో బండి ఇచ్చేవారట. ఒక్కో బండికి బ్రేకు ఒక్కోలా పట్టేదట. "గేటు దాటేలోపే తొక్కి చూసుకునేవాణ్ణి. వెనక యాభై మంది కూర్చున్నాక నేర్చుకుంటానంటే కుదరదు కదా" అన్నారు.

నాన్న మాట ఎందుకు పెద్దదో చెప్తాను. 2016 జూన్‌లో స్టార్ ట్రెక్ సినిమాల నటుడు ఆంటన్ యెల్చిన్ లాస్ ఏంజెలిస్‌లో తన ఇంటి దగ్గరే చనిపోయాడు. వాలులో ఆపిన సొంత కారు వెనక్కి దొర్లి, ఆయన్ని గేటు స్తంభానికి నొక్కేసింది. ఆ మోడల్‌లో కొత్తరకం గేరు లివర్ ఉండేది. ఎటు కదిపినా తిరిగి మధ్యలోకే వచ్చేస్తుంది. పార్క్‌లో పడిందో లేదో చేతికి తెలియదు. ఇదే కారణంతో ఆ కార్లని రిపేరుకి వెనక్కి పిలుస్తున్నట్టు అంతకు రెండు నెలల ముందే ప్రకటించారు. ఆయన వయసు 27. అంటే 1968లో ముగిసిందనుకున్న కథ ముగియలేదు. ఇప్పుడు నాబ్‌లు, బటన్లు, టచ్‌స్క్రీన్లు వచ్చి వరస మళ్లీ చెదిరిపోతోంది.

దీనికి తోడు మనకి ఇంకో లెక్క ఉంది. మనం ఎడమవైపు నడుపుతాం, అమెరికాలో కుడివైపు. మన కార్లలో ఎక్కువగా ఇండికేటర్ స్టీరింగ్‌కి కుడిపక్కన, అక్కడ ఎడమపక్కన. 1967 సెప్టెంబర్ 3న స్వీడన్ దేశం మొత్తం ఎడమ నుంచి కుడికి మారింది. తెల్లవారుజామున 5 గంటలకి, ఆదివారం నాడు. మొదట్లో ప్రమాదాలు తగ్గాయి, ఎందుకంటే అందరూ భయంతో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపారు. రెండేళ్లలో అలవాటు పడ్డాక మళ్లీ మామూలే. ఆ భయం మనకీ పనికొస్తుంది.

కాబట్టి ఫ్రెండ్స్, బయటి దేశంలో కారు తీసుకుంటే ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్‌తో పని అయిపోయిందనుకోకండి. పార్కింగ్‌లోనే పది నిమిషాలు ఆగండి. బ్రేకు తొక్కి చూడండి. పార్క్, రివర్స్ ఎక్కడో వేలు పెట్టి చూసుకోండి. లైట్లు, వైపర్, ఇండికేటర్, హ్యాండ్ బ్రేక్ ఒక్కొక్కటీ వేసి తీసి చూడండి. దిగేముందు పార్క్ పడిందో లేదో స్క్రీన్ మీద చదివి, హ్యాండ్ బ్రేక్ కూడా వేయండి. వెనక సీట్లో వాళ్లు "ఇంకా ఎంతసేపు?" అని అడుగుతారు. అడగనివ్వండి.