ప్రతినిధి యెవ్వరికి? – వేల్సుదేశ చరిత్రమునుండి యొక విచారము

ఒక చిన్నదేశము పెద్దదేశముతోఁ గలిసి యేకప్రభుత్వమునకు లోఁబడి యున్నపుడు, ఆ చిన్నదేశపు మేలుకీళ్లు ప్రధానప్రభుత్వ నిర్ణయములయం దెట్లు పరిగణింపఁబడు నన్నది రాజనీతికిఁ జెందిన ప్రశ్న. కాని యది కొంతవఱకు శబ్దశాస్త్రమునకును జెందును. ప్రతినిధి యనఁగా నెవ్వఁడు? ఎవ్వరినుండి వాని కా యధికారము సంక్రమించినది? పాణిని 'ప్రతి' యను కర్మప్రవచనీయమునకు ప్రతినిధి, ప్రతిదానము లను రెండర్థములు చెప్పి, ఎవనికిఁ బ్రతినిధియో వానిని దెలుపు శబ్దమునకుఁ బంచమీవిభక్తిని విధించెను. పంచమి ప్రధానముగా 'నుండి' యను నర్థము నిచ్చునది. ప్రతినిధి యెవరి స్థానమున నిలుచునో వారినుండియే పుట్టవలె నని యీ విభక్తి సూచించుచున్నట్లు గ్రహింపవచ్చును. ఈ కొలతతో వేల్సుదేశ చరిత్రమును బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

వేల్సు గ్రేటుబ్రిటను ద్వీపమున కింగ్లండునకుఁ బశ్చిమమున నున్నది. ఆంగ్లేయులు దాని కిచ్చిన పేరు 'పరదేశీయులు' అను నర్థముగల ప్రాచీనాంగ్ల శబ్దమునుండి పుట్టినది. ఆ దేశీయులు తమ నేలను 'కమ్రి' యందురు. ఇది 'తోడి దేశస్థులు' అను నర్థముగల శబ్దమునుండి వచ్చినది. సొంత యింట నున్నవారే పొరుగువాని నోటఁ బరదేశీయులైరి. 1536, 1543 సంవత్సరములలో నెనిమిదవ హెన్రీ చేయించిన శాసనములవలన వేల్సు ఇంగ్లండులోఁ గలుపఁబడెను. వానివలన వేల్సువారికి లండను పార్లమెంటులో సభ్యులు లభించిరి. అదేచేతితో న్యాయస్థానములలో నాంగ్లము దక్క వేఱుభాష చెల్లకుండఁ జేయఁబడెను. వేల్సుభాష మాత్రమే వాడువారు సర్కారు ఉద్యోగములకు ననర్హులైరి. అనఁగా సభలోఁ జోటు దొరకినది గాని నోటిమాట పోయినది.

ఇంతకంటె విచిత్రమైనది 1746 నాఁటి శాసనము. ఇండ్లమీఁదను గిటికీలమీఁదను విధించిన పన్నును వసూలుచేయుటకై చేసిన యొక చట్టములో, పార్లమెంటు శాసనములయందు 'ఇంగ్లండు' అను పదము వచ్చినచో దానిలో వేల్సును జేరియున్నట్లే గ్రహింపవలె నని యొక నిబంధన చేర్చిరి. వ్యాకరణమున నాగమము దేనికి వచ్చిచేరునో దానిపేరితోనే గ్రహింపఁబడును గదా! ఆగమమునకుఁ బ్రత్యేకకార్యము లేదు. వేల్సుకును శాసనములయం దిట్టి స్థితియే కలిగెను. పేరే లేనిదానికి హితమెట్లు? హితము లేనిదానికిఁ బ్రతినిధి యెట్లు? ఈ నిబంధన 220 సంవత్సరములకు మించి నిలిచి, 1967 నాఁటి వేల్సుభాషా శాసనముచే, తరువాతి చట్టములకు వర్తింపకుండునట్లు తొలఁగింపఁబడెను.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. వేల్సుసభ్యులు పార్లమెంటులో నుండిరి గదా, వారివలన మేలు కలుగలేదా యని. కలిగినది. ఆదివారమునాఁడు మద్యశాలలు మూయింపవలె నను 1881 నాఁటి చట్టము వేల్సునకుఁ బ్రత్యేకముగాఁ జేయఁబడినది. ఇంగ్లండు మతసంస్థకు వేల్సులో నుండిన రాజాధికారమును దొలఁగించు శాసనము 1914లోఁ బుట్టి 1920లో నమలునకు వచ్చినది. వేల్సుభాషయందుఁ బెరిగిన లాయిడ్ జార్జి 1916 మొదలు 1922 వఱకుఁ బ్రధానమంత్రిగా నుండెను. అయినను ఆ కాలమున వేల్సు కార్యములకై వేఱు మంత్రి లేఁడు. ఒక దేశీయుఁడు సింహాసనసమీపమున నుండుట వేఱు, ఆ దేశమునకు నోరుండుట వేఱు.

వేల్సు వ్యవహారముల మంత్రి యను బిరుదు 1951లో మొదట నేర్పడెను. కాని యది మఱియొక శాఖామంత్రికిఁ దగిలించిన తోఁకవంటిది. దాని విలువ యెంతయో 1957లోఁ దేలినది. లివర్‌పూలు నగరసభవారు తమ నగరమునకు నీటికై వేల్సులోని త్రివేరిన్ లోయలో జలాశయము గట్టఁ దలఁచి, స్థానిక సంస్థల యనుమతితోఁ బనిలేకుండ, నేరుగాఁ బార్లమెంటులో బిల్లు ప్రవేశపెట్టించిరి. ఆ లోయలోఁ గాపెల్ కెలిన్ అను గ్రామము గలదు. అచ్చటివారి నిత్యభాష వేల్సుభాషయే. ప్రార్థనామందిరము, బడి, తపాలా కచేరి, పండ్రెం డిండ్లు, పొలములు నీటఁ బోవలసియుండెను. వేల్సుసభ్యులు 36గురిలో 35గురు దీనిని వ్యతిరేకించిరి. బిల్లు నెగ్గినది. వేల్సు వ్యవహారముల మంత్రి హెన్రీ బ్రూకు దానికి బాసటగా నిలిచెను. ఆయన లండనులోని హాంప్‌స్టెడ్డు నియోజకవర్గపు సభ్యుఁడు. 1965లో గ్రామము మునిఁగెను. లివర్‌పూలు నగరసభవారు 2005లో క్షమాపణము చెప్పిరి.

ఈ కథలోఁ బ్రాతినిధ్యము లేదనుటకు వీలులేదు. ఓటు వేసినవారున్నారు, మంత్రియు నున్నాఁడు. కాని సభ్యులు వేల్సునుండి పుట్టినవారైనను సంఖ్యచేత దుర్బలులు; మంత్రి బలవంతుఁడైనను వేల్సునుండి పుట్టినవాఁడు కాఁడు. పంచమి యొకచోట, బల మొకచోట నుండుటయే యచ్చటి దోషము.

1964లో వేల్సునకు మంత్రివర్గస్థాయి కార్యదర్శి యేర్పడెను. తొలి కార్యదర్శి జేమ్సు గ్రిఫిత్సు బొగ్గుగనిలోఁ బనిచేసినవాఁడు, లనెల్లి సభ్యుఁడు. ఇప్పు డీ దోషము తీఱినదని చాలమంది తలంచిరి. కాని యాపదవి నొసఁగువాఁడు ప్రధానమంత్రియే. 1987 మొదలు 1997 వఱకుఁ బీటరు వాకరు, డేవిడు హంటు, జాను రెడ్‌వుడ్డు, విలియం హేగు అను నలువు రాస్థానమున నుండిరి. నలువురును ఇంగ్లండు నియోజకవర్గముల సభ్యులే. 1992 ఎన్నికలలో వేల్సులోని 38 స్థానములలో వారి పక్షమునకు లభించినవి 6 మాత్రమే. ఇట్టివారు లండనులో వేల్సుకుఁ బ్రతినిధులా, వేల్సులో లండనునకుఁ బ్రతినిధులా?

వేల్సువారే తమకుఁ బ్రత్యేకసభ వలదని 1979లో నలుగురి కొక్కరు చొప్పునఁ ద్రోసిపుచ్చిరన్న సంగతి మఱవరాదు. కాని పదునెనిమిది యేండ్ల యనుభవము వారి మనసు మార్చెను. 1997 సెప్టెంబరు 18వ తేదీని 6,721 ఓట్ల యాధిక్యముతో సభ యంగీకృతమయ్యెను. 1999లో సభ కూడెను. 2011లో మఱియొక ప్రజాభిప్రాయ సేకరణమునఁ బూర్ణశాసనాధికారమును నూటికి 63 మందికి మించి కోరిరి. 2020నుండి యా సభకు 'సెనెద్దు' అని పేరు. స్వస్థానమున వేల్సుకు నోరు వచ్చినది.

ఇఁక ప్రధానప్రభుత్వ నిర్ణయముల మాట. సెనెద్దునకు వదలిన విషయములలో దాని సమ్మతి లేక లండను పార్లమెంటు 'సాధారణముగా' శాసనము చేయదని యొక సంప్రదాయము గలదు. 2017 నాఁటి వేల్సు శాసనములో దీనిని వ్రాసియుంచిరి. ఈ 'సాధారణముగా' అను పదమును వైయాకరణులు చక్కఁగా గుర్తింపఁగలరు. చిన్నయసూరి యత్తునకు సంధిని బహుళమని చెప్పెను. బహుళమన్నచోఁ గార్యము కావచ్చును, కాకపోవచ్చును, వికల్పము కావచ్చును, వేఱొకటియుఁ గావచ్చును. 2017 జనవరిలో స్కాట్లండు శాసనమందలి యిట్టి వాక్యమునే గుఱించి బ్రిటను సర్వోన్నత న్యాయస్థానము, ఇది రాజకీయ సంప్రదాయమే కాని న్యాయస్థానములు నిలుపఁదగిన విధి కాదని తీర్పు చెప్పెను. 2020 జనవరిలో ఐరోపాసంఘమునుండి తొలఁగుటకైన బిల్లునకు వేల్సు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండు సభలు మూఁడును సమ్మతి నిరాకరించినవి. అది శాసనమైనది. అదే సంవత్సరము డిసెంబరులో ఆంతరంగిక విపణి బిల్లునకు సెనెద్దు సమ్మతి నిరాకరించినది. అదియు శాసనమైనది.

పైనఁ జెప్పిన 1746 నాఁటి పరిభాష చచ్చినదని తలంచుటకును వీలులేదు. లండను, బర్మింగుహాముల నడుమ నిర్మింపఁబడుచున్న 'హైస్పీడు టూ' రైలుమార్గము వేల్సుభూమి నంగుళమైనఁ దాఁకదు. అయినను ఖజానావారు దానిని 'ఇంగ్లండు–వేల్సుల' పనిగా లెక్కించిరి. ఇంగ్లండులో వ్యయము పెరిగినచో జనసంఖ్య ననుసరించి తక్కిన దేశములకు భాగము పంచు బార్నెట్టు సూత్రము చొప్పున స్కాట్లండునకును ఉత్తర ఐర్లండునకును దానివలన ధనము వచ్చినది, వేల్సుకు రాలేదు. రైలుమార్గముల నిర్మాణాధికారము వేల్సుకు బదిలీ కాలేదనుట కారణము. దీనిని ఇంగ్లండు పనిగానే వర్గీకరింపవలె నని పార్లమెంటులోని వేల్సు వ్యవహారముల సంఘమే 2021లో సిఫారసు చేసినది. ఫలింపలేదు. 2025 జూనులో వేల్సు రైలుమార్గములకుఁ గనీసము 44 కోట్ల 50 లక్షల పౌనులు ప్రకటింపఁబడినవి. 'ప్రతి' శబ్దమున కున్న రెండవ యర్థ మిచ్చటఁ దగును. ఇది ప్రతిదానమే కాని ప్రాతినిధ్యము కాదు. ఇచ్చినది పుచ్చుకొనుట వేఱు, పంచునపుడు పంక్తిలో నుండుట వేఱు.

2022లో ప్రభుత్వముల పరస్పర సంభాషణమునకు నూతనసంఘము లేర్పడినవి. 2024 అక్టోబరులో నన్నిదేశముల ముఖ్యులు ఎడింబరోలోఁ గూడిరి. ఇవి మంచి పనులే. కాని యవి మాటలాడు తావులు, పార్లమెంటును గట్టిపెట్టు తావులు కావు. అదే సంవత్సరపు ఎన్నికలలో వేల్సుసభ్యుల సంఖ్య 40నుండి 32కు తగ్గినది.

కావున సిద్ధాంత మిది. ప్రాతినిధ్యమునకు మూఁడంగములు గలవు: ప్రత్యేకముగాఁ బేర్కొనఁబడుట, ప్రతినిధి యా జనులనుండియే పుట్టుట, వారు 'వల'దన్నచో నామాటకు ఫలముండుట. వేల్సు మొదటిదానిని 1967లోఁ బొంది ఖజానా లెక్కలలో మరలఁ బోఁగొట్టుకొనినది. రెండవదానిని 1999లో స్వస్థానమునఁ బొందినది, ప్రధానప్రభుత్వమునఁ బొందలేదు. మూఁడవది యింకను బహుళముగానే యున్నది. త్రివేరిన్ లోయలో నీటిమట్టము తగ్గిన యెండకాలములలో నా గ్రామపు పునాదిరాళ్లు నేఁటికిని బయటఁ గనఁబడుచుండును. 'బహుళము' నిత్యమగువఱకు నా రాళ్లే వేల్సుపక్షమున సాక్ష్యము చెప్పుచుండఁగలవు.