చిన్నాయన మాత్రలు ఎవరి చేతిలో ఉండాలి?

మా ఆదోని వైపు బళ్ళో "ఈరన్నా" అని పిలిస్తే కనీసం నలుగురు తలెత్తేవాళ్ళు. అంతా ఉరుకుంద ఈరన్నస్వామి చలవ. 1988 శ్రావణంలో మా అవ్వ చిన్నాయన్ని తీసుకుని ఆ గుడికే పోయింది. ఆయనకి అప్పుడు 22 ఏళ్ళు. నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నారని రాత్రంతా జవాబులు చెప్పేవాడు. స్కిజోఫ్రీనియా అనే మాట మా ఇంట్లో అప్పటికి ఎవరూ వినలేదు.

మొక్కు తీర్చుకొచ్చినా తగ్గలేదు. పత్తి మార్కెట్లో ఎవరో చెబితే సరిహద్దు దాటి బళ్ళారి జిల్లాలో ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పిచ్చాసుపత్రి కాదు, జ్వరాలు చూసే మామూలు డాక్టరే మాత్రలిచ్చాడు. అదేదో మా అదృష్టం అనుకున్నా చాలా ఏళ్ళు. కాదట! 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దాన్ని ఒక జిల్లాలో ఎలా నడపాలో చూడ్డానికి బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్ళు 1985లో ఎంచుకున్నది బళ్ళారినే. పీహెచ్‌సీ డాక్టర్లకీ, ఆరోగ్య కార్యకర్తలకీ తర్ఫీదిచ్చి, ముఖ్యమైన కొన్ని మందులు ఊళ్ళ దగ్గరే దొరికేలా చేశారు. 1996లో కేంద్రం దీన్ని మొదట నాలుగు జిల్లాలకి తీసుకెళ్తే అందులో మన మెదక్ ఒకటి.

మందు ఊరి దగ్గరికొచ్చింది, బాగుంది. ఇంటికొచ్చాక ఎవరు చూడాలి? మా ఇంట్లో ఆ కార్యక్రమం మొత్తం అవ్వే. మాత్రలు ఆమె కొంగుముడిలో ఉండేవి. చిన్నాయన జొన్నరొట్టె సగంలో వదిలేసి ఎల్లెల్సీ కాలువ గట్టుకి పోయి కూర్చుంటే, వారంలో మళ్ళీ మొదలవుతుందని ఆమెకి తెలుసు. వెంటనే బస్సెక్కించేది. 2004లో అవ్వ పోయింది. (మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ ఏమీ లేకుండా సీనియర్ వెళ్ళిపోయినట్టు.) రెండేళ్ళలో మూడుసార్లు తిరగబెట్టింది.

అవ్వకి తెలిసిన ఆ గుర్తులే అమెరికాలో మేరీ ఎలెన్ కోప్‌లాండ్ వాళ్ళు 1997లో ర్యాప్ అనే పద్ధతిలో కాగితం మీద పెట్టారు. బాగున్నప్పుడు నేనెలా ఉంటాను, చెడబోయే ముందు ఏం చేస్తాను, అప్పుడెవరిని పిలవాలి - ఇవన్నీ జబ్బున్న మనిషే రాసుకోవాలి. తేడా అక్కడే ఉంది. మా అవ్వ పద్ధతిలో అన్నీ ఉన్నాయి, చిన్నాయన మాట తప్ప.

అయితే ర్యాప్‌లోనూ నాకొక లోటు కనిపిస్తుంది. దాని చూపంతా మనసు మీదే. ఒంటి సంగతి? తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎన్నో ఏళ్ళు ముందు పోతున్నారు, అదీ ఎక్కువగా గుండెజబ్బు, షుగర్ లాంటి వాటితో. ఒలాంజపిన్ లాంటి మందులు బరువునీ షుగర్‌నీ పెంచుతాయి కూడా. చిన్నాయనకి షుగరుందని 2009లో కాలి పుండు మానకపోతే తెలిసింది. అన్నేళ్ళు మందులు రాసినవాళ్ళెవరూ ఆ పరీక్ష చేయించలేదు. నెలనెలా పక్కన కూర్చున్న మేమూ అడగలేదు, అది వేరే విషయం.

ఈ లోటు పూడ్చడానికి అట్లాంటాలో బెంజమిన్ డ్రస్ బృందం హార్ప్ అనే కార్యక్రమం చేసింది. స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ షుగర్, కీళ్ళనొప్పుల లాంటి దీర్ఘరోగాల వాళ్ళకోసం తయారుచేసిన తరగతులనే తీసుకుని, మానసిక జబ్బు అనుభవించినవాళ్ళ చేతే చెప్పించారు. ఆరు తరగతులు, 80 మందితో పరీక్ష, 2010లో ఫలితాలు. ఆరు నెలలకి మామూలు డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఇటు నూటికి 68, అటు 52. చిన్న పరీక్షే, కానీ 2009లో మాకు కావలసింది సరిగ్గా అదే.

అలాగని దాన్ని యథాతథంగా దించేస్తే కౌతాళం మండలంలో పనిచేస్తుందని నేననను. అక్కడ మనిషి ఒక్కడే క్లాసుకొస్తాడు. ఇక్కడ అన్న, వదిన, భూమి పాసుపుస్తకం అన్నీ వెంటొస్తాయి. 2014లో లాన్సెట్‌లో వచ్చిన మనదేశపు కాప్సి అధ్యయనం నాకు దగ్గరగా అనిపిస్తుంది. గోవా, సతారా, తమిళనాడుల్లో 282 మంది. డాక్టర్లు కాని కార్యకర్తలు ఇంటికే వెళ్ళి మనిషితోనూ, ఇంటివాళ్ళతోనూ కూర్చున్నారు. మామూలు వైద్యం మీద లాభం కొద్దిగానే. కొద్దిగానే అయినా ఇంటిని వదలకుండా మనిషిని అడిగారు. 2017 చట్టమైతే జబ్బు ముదిరితే తనకేం చేయాలో, ఏం చేయకూడదో ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా ఇచ్చింది.

పోయిన సంక్రాంతికి చిన్నాయనకి ఒక నోటుపుస్తకం ఇచ్చా. ఏడో తరగతి దాకా చదివాడు, రాయగలడు. ఇన్నేళ్ళలో ఎవరూ రాయమనలేదు, అంతే. రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు పొద్దున చూస్తే మూడు లైన్లు ఉన్నాయి. "నిద్ర రాకుంటే మీ వదినమ్మకు చెప్పాల. కాలువకాడికి పోతే వెనక రావాకండి, యాడికీ పోను. షుగరు మాత్ర నాకాడనే పెట్టండి."

మాత్రల డబ్బా ఇప్పుడు ఆయన గూట్లోనే ఉంది. వదినమ్మ మాత్రం రోజూ రాత్రి చాటుగా లెక్కపెడుతుంది.