పాత ఇల్లు పడగొట్టే ముందు గోడను ఒకసారి చదవండి

యాసంగి వడ్లు అమ్ముడు అయిపోయింది, నారు పోసే దాకా కొంచెం తీరిక. ఈ తీరికలోనే మన ఊర్లల్ల పాత ఇండ్లు పోతున్నయి. పొద్దున జేసీబీ వస్తది, సాయంత్రానికి చదును. కొత్త ఇల్లు కట్టుకోవద్దని నేను అనను. పెంకుల మీద కోతులు ఆడే ఇంట్ల వానాకాలం పడుకున్నోడికే ఆ బాధ తెలుస్తది. కానీ భూమికి 1954-55 ఖాస్రా పహాణీ ఎట్లనో, ఇంటికి గోడ అట్ల. ఎవరి చేతిల ఎప్పుడు ఏమున్నదో అందులో రాసి ఉంటది. అది చదివినంక పడగొట్టుకుంటే ఏం పోదు గదా.

ముందు ఒక ముచ్చట. మన సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఇంకా నిలబడి ఉంది. ఫణిగిరి గుట్ట మీద బౌద్ధుల కట్టడాలు అంతకంటే వెయ్యేండ్లు పాతవి. మరి ఆ గుడికి మాన్యం దున్నిన రైతు ఇల్లు ఏది? ఒక్కటి కూడా లేదు. రాయి దేవునికి, మన్ను రైతుకు. మోకాలెత్తు మట్టి వరుస పెట్టి, ఎండనిచ్చి, దాని మీద ఇంకో వరుస పెట్టేవాళ్లు. పాత మట్టిగోడ చెక్కి చూస్తే ఆ వరుసల గీతలు ఇప్పటికీ కనపడతయి. గోడ పడిపోతే ఆ మన్ను బండ్ల మీద తోలి చెల్కల పోసేవాళ్లు, ఎరువుగా పనికొచ్చేది. అంటే తాత ఇల్లు మనుమడి పంటల కలిసిపోయింది. అందుకే మన దిక్కు రైతు ఇండ్లల్ల నూరు, నూటయాభై ఏండ్లు దాటినవి దొరకడం కష్టం.

ఉన్నవాటినే చూద్దాం. సాగర్ నీళ్లు రాకముందు మనది మెట్ట. జొన్న, సజ్జ, కంది, ఆముదం. చెరువు కింద ఉన్నోళ్లకు మాత్రం వరి. ఇల్లు కూడా దానికి తగ్గట్టే ఉండేది. రెండు అర్రలు, ముందు వసారా, పక్కన ఎడ్ల కొట్టం. కొందరికి మనిషి, ఎద్దు ఒకే కప్పు కింద. పేదోనికి గడ్డి గుడిసె, కొంచెం నిలదొక్కుకున్నోనికి గూనపెంక. ఈ గూనపెంక కుమ్మరాయన సారె మీద గొట్టం లెక్క తిప్పి, పచ్చిగ ఉన్నప్పుడే నిలువునా రెండు చేసి కాల్చేది. ఏటా రోహిణి ఎండల్ల, మృగశిర రాకముందే ఎక్కి పెంక సదురుకోవాలె. వాన తక్కువ పడే పాలమూరు, రాయలసీమ దిక్కు మట్టి మిద్దెలు నడిచినయి గానీ మన దిక్కు వాలు కప్పే ఎక్కువ.

ఆ ఇంట్ల ముఖ్యమైనది పైన కనపడదు. అది కింద ఉండేది. పాతర. నట్టింట్లనో వాకిట్లనో మనిషి లోతు గుంత తీసి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, మన్ను వేసి పేడతో అలికేవాళ్లు. తెలియనోడు దాని మీద నడిచి పోయినా గుర్తు పట్టలేడు. పురుగు పట్టకుండ ఉంటదని ఒక కారణం. ఇంకో కారణం మన పెద్దలను అడిగితే చెప్తరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్ల నిజాం సర్కారు లెవీ గల్లా అని పండిన గింజ వసూలు చేసేది. పటేల్, పట్వారీ వచ్చి ఇల్లు తిరిగి చూస్తే గుమ్మి కనపడతది, పాతర కనపడదు.

అదే కాలంల ఇంకో రకం ఇల్లు ఉండేది, గడి. మన సూర్యాపేట తాలూకాలోనే ఎర్రపహాడ్ దేశముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంల ఉంది. గడి అంటే మనకు ఎత్తు గోడ, పెద్ద దర్వాజ యాదికొస్తయి. నా దృష్టిల గడి కొత్త రకం ఇల్లేమీ కాదు. ఊర్లల్ల మోతుబరుల భవంతి ఇల్లు ఎట్లుంటదో చూడండి. నాలుగు దిక్కుల అర్రలు, నడుమ ఆకాశం కనపడే వాకిలి, లోపలికి వాలిన కప్పు, వాన నీళ్లు వాకిట్ల పడి తూము గుండ బయటికి. గడి కూడా అదే పద్ధతి, పది రెట్లు పెంచి చుట్టూ గోడ పెట్టింది. తేడా ఏందంటే భవంతి అర్రల ఇంటోడు పండించిన గింజ ఉండేది, గడి అర్రల ఊరంతా పండించిన గింజ ఉండేది. దూలాలు కోసిన వడ్రంగికి, పెంక ఇచ్చిన కుమ్మరికి, రాళ్లు మోసిన కూలికి వెట్టే గదా. అందుకే సంఘం లేచినప్పుడు జనం గడి మీదికి పోయి ముందు ఆ గింజ అర్రలే తెరిచిండ్రు.

ఇప్పుడు కొంచెం దూరం పోయి వద్దాం, పని ఉండే పోతున్న. ఇంగ్లాండు పల్లెలల్ల 400, 500 ఏండ్ల రైతు ఇండ్లు ఇంకా జనం ఉంటున్నవి ఉన్నయి. వాటిని పరిశీలించినోళ్లు చెప్పేది ఏందంటే, మొదట ఆ ఇల్లు ఒకటే పెద్ద హాలు, నడుమ నేల మీద పొయ్యి, పొగ పైకి లేచి కప్పుల నుంచే పోయేది. చిమ్నీ లేదు, అటక లేదు. తర్వాత ఎప్పుడో చిమ్నీ కట్టిండ్రు, హాలు నడిమికి అడ్డంగ పలకలు పరిచి పైన అర్రలు చేసిండ్రు. ఆ పై అర్రలల్ల మొదట్ల మనుషులతో పాటు గింజలు, జున్ను, ఉన్ని కూడా ఉండేవి. ఇదంతా ఎట్ల తెలిసిందంటే, ఇప్పుడు పడుకునే గది పైన వాసాలు మసితో నల్లగ ఉన్నయి. పొయ్యి లేని గదిల మసి ఎక్కడిది? ఆ ఒక్క ప్రశ్నతోనే ఇంటి వయసు బయటపడ్డది.

హాస్కిన్స్ అనే చరిత్రకారుడు 1953ల ఒక వ్యాసం రాసిండు. 1570 నుంచి 1640 దాకా ఇంగ్లాండు పల్లెలు దాదాపు మొత్తం తిరిగి కట్టుకున్నయని ఆయన లెక్క. కారణం? గింజ ధర పెరిగింది, చాలామంది రైతులు కట్టే శిస్తు మాత్రం పాతదే. మిగిలిన పైసలు చేతిల నిలిచినయి. ఆ పైసలే గోడలైనయి. ఆయన చెప్పిన తారీఖుల మీద తర్వాతి వాళ్లు వాదులాడిండ్రు, ఒక్కో జిల్లాకు ఒక్కో కాలం అన్నరు. కారణం మాత్రం మనకు బాగా అర్థమైతది, ఎందుకంటే మనకూ అదే జరిగింది.

మన తిరిగి కట్టుడు ఎప్పుడంటే నాగార్జునసాగర్ తర్వాత. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఎడమ కాల్వ, అదే లాల్ బహదూర్ కాల్వ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలల్లకు వచ్చింది. సూర్యాపేట దిక్కు అంతకు ముందే 1963ల మూసీ ప్రాజెక్టు పూర్తయింది. కృష్ణ, గుంటూరు దిక్కు నుంచి కూడ రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేసుకున్నరు. మొదటి ఏండ్లల్ల ఎవరూ ఇల్లు ముట్టుకోలేదు. మడి చదును, గట్లు, ఎడ్లు, అప్పులు, అవే సరిపోయినయి. నాలుగు పంటలు చేతికొచ్చినంక మొదలైంది.

అప్పటి ఇండ్లు మీరే గుర్తుపట్టొచ్చు. మట్టిగోడ తీసేయలేదు, దాని మీదనే రెండు మూడు అడుగులు ఇటుక పేర్చి ఎత్తు పెంచిండ్రు. గూనపెంక దించి మంగుళూరు పెంక ఎక్కించిండ్రు. 1865ల మంగుళూరుల బాసెల్ మిషన్ వాళ్లు ఫ్యాక్టరీ పెట్టి మొదలుపెట్టిన ఆ బల్లపరుపు పెంక, నూరేండ్లకు మన కప్పు మీదికి వచ్చింది. టేకు దర్వాజ పెట్టి, దాని మీద సిమెంటుతో సంవత్సరం అచ్చు వేసుకున్నరు. మీ ఇంటి సుట్టుగోడ మీద పాత కప్పు వాలు గీత లోపల కనపడితే, ఆ గీత కింద ఉన్నది జొన్న కాలం, పైన ఉన్నది వరి కాలం. పొయ్యి లేని అర్రల దూలానికి మసి ఉంటే, అదొకప్పుడు వంటిల్లు. గోడ నడుమ దీపం గూడు సగానికి తెగి ఉంటే, అక్కడ అన్నదమ్ములు పంచుకున్నరు. మా ఇంట్ల దేవునర్ర దర్వాజకు ఎదురుగ ఇటుకతో మూసిన ఇంకో దర్వాజ ఉంది. అవతల చిన్న తాత భాగం. ఎందుకు మూసిండ్రో ఇంట్ల ఎవరూ నోరు విప్పరు, కానీ ఇటుక సైజు చూస్తే డెబ్బయ్యోళ్లదే.

ఆ కాలపు ఇంట్ల తప్పకుండ ఒక వడ్ల అర్ర ఉండేది. కిటికీ చిన్నది, గడప ఎత్తు, నేల మీద బండలు. పాతర లెక్క దాచుకునుడు కాదు, దర్వాజ తెరిచి చూపించే అర్ర. నాకు మన ఊరి ఇండ్ల చరిత్రల అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే అనిపిస్తది. గింజ భూమి కింద నుంచి నడి ఇంట్లకు వచ్చింది. ధర బాగ లేదంటే రెండు నెలలు తాళం వేసి కూసునేటోడు. సేటు ఇంటికొచ్చి అడిగేటోడు.

తర్వాత స్లాబు. సున్నపు రాయి మన కాళ్ల కిందనే ఉండె. విష్ణుపురం, మేళ్లచెరువు, మట్టంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు లేచినయి. సిమెంటు దొరికింది, ఇనుము దొరికింది. పెంక సదిరేటోడు, కాల్చేటోడు దొరకకుండ పోయిండ్రు. కోతులు మిగిలిన పెంక పగలగొట్టినయి. స్లాబు వేసుకోకపోతే ఏం చేస్తరు? వేడి అంటరా, అది నిజమే. మట్టిగోడ మూరెడు మందం ఉండె, ఇప్పుడు నాలుగున్నర అంగుళాల ఇటుక. కూలర్ కరెంటు బిల్లు ఆ తేడాకే కడుతున్నం.

కొత్త ప్లాన్ల చూడండి. హాలు, రెండు బెడ్‌రూములు, కిచెన్, బాత్రూములు, ముందు బండి పెట్టే జాగ. ఎడ్ల కొట్టం లేదు, ఎడ్లు లేవు గనుక. వడ్ల అర్ర లేదు. హార్వెస్టర్ కోస్తది, పచ్చి వడ్లు ట్రాక్టర్ల మీద నేరుగ మిర్యాలగూడ మిల్లులకు పోతయి, లేకుంటే సెంటర్ల తేమ 17 శాతానికి దిగేదాక రోడ్డు మీద ఆరబోసుడు. వాన మబ్బు కనపడితే టార్పాలిన్ పట్టుకుని ఉరుకుడు. పోయిన ఏడు ఒక మిల్లు ముందు మూడు దినాలు ట్రాక్టర్ నిలబెట్టిన, చివరికి వాళ్లు చెప్పిన ధరకే దించిన. తిరిగి తీసుకపోదామంటే ఇంట్ల పోసే జాగ లేదు. ఆ అర్రల ఇప్పుడు ఫ్రిజ్జు, బీరువా ఉన్నయి. మన ఇండ్లల్ల పక్కా గోడలు ఇప్పుడున్నన్ని ఎప్పుడూ లేవు, గింజకు జాగ ఇంత తక్కువ కూడ ఎప్పుడూ లేదు.

ఇందిరమ్మ ఇల్లు మంజూరైనోళ్లు, సొంతంగ కట్టేటోళ్లు మేస్త్రీతో ప్లాన్ గీయించేటప్పుడు ఒక పది అడుగుల అర్ర, నేలకు రెండు అడుగులు ఎత్తుల, వెనుక దిక్కు అడిగి చూడండి. యాభై బస్తాలు పడతయి.

పడగొట్టే వాళ్లు ముందు రోజు ఫోన్ల నాలుగు దిక్కుల ఫొటోలు తీసుకోండి. దూలాలు, దర్వాజలు వేరు చేసి పెట్టుకోండి. పాత టేకు కొనేటోడు మొదట చెప్పే ధరకు ఇవ్వొద్దు. ఇంకొకటి మరువొద్దు. కొత్త పిల్లర్ల గుంతలు తీసే ముందు నట్టిల్లు, వాకిలి మొత్తం గడ్డపారతో కొట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే కింద పాతర ఉన్నట్టే. దాని మీద పిల్లర్ వస్తే కుంగుతది, అందుకని మొరం పోసి, నీళ్లు పట్టి గట్టిగ దిమ్మిస కొట్టించండి. తెరిచిన వెంటనే ఎవరినీ లోపలికి దింపకండి. ఏండ్ల తరబడి మూసిన గుంతల మంచి గాలి ఉండదు, ప్రాణాలు పోతయి. బయట నుంచే జేసీబీతో తవ్వించి పూడ్పించండి, అప్పటిదాక పిల్లలను అటు దిక్కు పోనీయకండి.