కాళేశ్వరంలో పొద్దు గూకే యాళ

ఇసుక ఇంకా చల్లారలేదు. మార్చి మూడో వారం, సాయంత్రం ఆరు దాటింది. చెప్పులు చేతపట్టుకుని ఘాట్ మెట్లు దిగుతారు. పది అడుగులు వేయకముందే అరికాళ్లు తడి ఇసుక కోసం వెతుక్కుంటాయి. ఎదురుగా పడమటి నుంచి గోదావరి, కుడిచేతి వైపు నుంచి ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహితలో ఇంకా కాస్త ఒరవడి ఉంది. త్ర్యంబకం నుంచి నడిచొచ్చిన గోదావరి మాత్రం ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా పడుకుని ఉంది.

భూపాలపల్లి దాటి కాటారం, మహదేవపూర్ మీదుగా వచ్చేటప్పుడు దారి పొడుగునా మోదుగు చెట్లే. ఆకు లేదు, అంతా పువ్వే. ఆ ఎరుపు కళ్లలో ఉండగా ఇక్కడికొచ్చి సూర్యుణ్ణి చూడటం పాపం ఆయనకే అన్యాయం. ఇప్పటికైతే మోదుగుదే పైచేయి.

"ఏం జూత్తున్నవ్ బిడ్డా?" ఆకుదొప్పల్లో వత్తులు పెట్టి అమ్ముకునే అవ్వ.

"పొద్దు గూకుడు జూద్దామని అచ్చిన అవ్వా."

"అగో! దినాం గూకేదే గదా. దీపమన్న ఇడువు, పది రూపాలే."

దొప్ప తీసుకుని పక్కన పెట్టుకుంటారు. అవ్వ అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోతుంది. గూకడం, గుంకడం, క్రుంకడం అన్నీ మునగడమే. సాయంత్రం పొద్దు క్రుంకుతుంది, పుష్కరాల్లో జనం క్రుంకులిడతారు. 2025 మే 15 నుంచి 26 దాకా ఇక్కడ అంతర్వాహినిగా కలుస్తుందనే సరస్వతి పుష్కరాలకని జనమంతా మునిగి లేచింది ఈ నీళ్లలోనే. సూర్యుడికి పుష్కరాలతో పని లేదు, రోజూ సాయంత్రం వచ్చి ఒక మునక వేసి పోతాడు. "అస్తమయం" అన్న మాటలో ఈ తడి లేదు.

ఇక్కడ కుంగినవి ఇంకొన్ని ఉన్నాయి లెండి. దిగువన మేడిగడ్డ బ్యారేజీకి 85 గేట్లు. 2019లో అది మొదలయ్యాక వెనక నీళ్లు నిలిచి ఈ ఇసుకంతా మునిగేది. 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి, గేట్లెత్తారు, మేటలు మళ్లీ బయటపడ్డాయి. ఆ నష్టం చిన్నది కాదు. అయినా చూసే కంటికి నిండు నీళ్ల కంటే ఈ పాయలే మేలు. నిండు నదిలో ఒక్క సూర్యుడు, పాయల్లో పాయకొకడు.

ఇప్పుడు చూడండి, పసుపు పోయి నారింజ వస్తోంది. నడినెత్తిన ఉన్నప్పటి కంటే సుమారు 38 రెట్ల గాలిని దాటుకుని వస్తున్న వెలుగు ఇది. నీలం దారిలోనే చెదిరిపోయింది, ఎరుపు మిగిలింది. దానికి అడవి పొగ తోడు. ఇప్పపూలు ఏరుకునేవాళ్లు చెట్ల కింద ఆకులు కాల్చే రోజులివి. ఆ మసకలో బింబం కాగిన రాగి పళ్లెంలా, కన్ను చెదరకుండా నిలబడుతుంది. సరే, మోదుగు ఓడింది.

అంచు తగిలింది. ఇక్కడి నుంచి పూర్తిగా మునగడానికి రెండుంబావు నిమిషాలు, అంతే. అసలైతే ఆయన ఇప్పటికే దిగంతం కిందికి దిగిపోయాడు. గాలి కిరణాన్ని వంచి, లేనివాణ్ణి ఉన్నట్టు చూపిస్తోంది.

వెనకాల గుడిలో గంట. ఆ గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. మొదటి పూజ కాలుడికి, అంటే యముడికి. ఆ తర్వాతే శివుడికి. యముడు ఎవరో గుర్తొచ్చేసరికి ఒళ్లు ఝల్లుమంటుంది. సూర్యుడి కొడుకు. రోజూ తండ్రి వచ్చి వాలిపోయేది కొడుకు వాకిట్లోనే. పోయాక కూడా కాసేపు కనబడుతూ.

గోరంత ఎరుపు. అదీ పోయింది.

ఘాట్ మీద అందరూ ఫోన్లు జేబులో పెట్టుకుని మెట్లెక్కుతున్నారు. మీరు ఎక్కకండి. వెనక్కి తిరిగి అవతలి ఒడ్డున సిరోంచ వైపు చూడండి. తూర్పున నేలనంటి ఉక్కు రంగు పట్టీ ఒకటి, దాని పైన లేత గులాబీ. మబ్బు కాదది. భూమి నీడ. మనం నిలబడ్డ ఈ నేల నీడే ఆకాశం మీద పడి, నెమ్మదిగా పైకి లేస్తోంది. పడమట ఆయన ఎంత కిందికి దిగితే తూర్పున ఇది అంత పైకి. పదిహేను నిమిషాల్లో గులాబీ వెలిసిపోయి, పట్టీ ఎక్కడ ఆగిందో రాత్రి ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

దొప్ప గుర్తొచ్చి వత్తి వెలిగిస్తారు. ప్రాణహిత ఒరవడిలో పడి రెండు సుడులు తిరిగి, గోదావరి నీళ్లు తగిలే చోట ఒక్క క్షణం ఎటూ పోకుండా నిలబడి, తర్వాత తూర్పుకు మళ్లుతుంది.

అవ్వ గంప ఎత్తుకుంది. "లే బిడ్డా, బస్సు పోతది."