విత్తులు కొట్టిన కోడె

దేవరగట్టు పేరు వినగానే విజయదశమి అర్ధరాత్రి దివిటీల వెలుగున సాగు కఱ్ఱల సమరమును, మాళ మల్లేశ్వరుని ఉత్సవమూర్తులకై గ్రామములవారు తలపడుటయు మాత్రమే లోకులకు స్ఫురించును. ఆ కొండ చుట్టును ఆదోని, ఎమ్మిగనూరుల దాక పఱచుకొన్న నల్లరేగడి చేలలో తరతరములుగా సాగిన కోడెలకు విత్తులు కొట్టు పనిని గూర్చి వ్రాసినవారు అరుదు.

ట్రాక్టరు రాకముందు పత్తి, జొన్న పండు ఆ బరువునేలలో మడకకును, గొర్రుకును, గుంటకకును ఎద్దుల జతయే దిక్కు; మదించిన కోడె కాడికి లొంగదు. కావున రైతు దాని నోరు తెఱచి, పాలపళ్ళు రాలి రెండు పెద్దపళ్ళు వేసినది చూచి, మెడయు మూపురమును తగినంత బలిసినవని తోచిన పిమ్మటనే దానిని పడవేయించి, కాళ్లు కట్టించి, వృషణములకు పోవు నరమును రెండు కఱ్ఱల నడుమ బిగించి చితుకగొట్టించెడివాడు. ఆ క్రౌర్యమును సమర్థింప నా తరము గాదు; చర్మము తెగకుండ నరమును నలిపెడు బర్డిజ్జో పట్టకారు పశువైద్యశాలలకు వచ్చినను, నొప్పి కొంత తగ్గినదే గాని పోలేదు.

లేతవయసుననే కొట్టిన దూడ మూపురము బలియక, కాళ్లు మాత్రము సన్నగా సాగి, పొడవుగా పెరుగును. కారణ మిది: దీర్ఘాస్థుల కొనలయందు ఎదుగుదలకు నెలవైన మృదులాస్థి ఫలకమును యౌవనమున ముగింపజేయునవి లైంగిక హార్మోనులే, అవి లోపించిన ఆ ఫలకము చాలకాలము మూయబడక నిలుచును. 1849లో బెర్తోల్డు అను జర్మను శాస్త్రజ్ఞుడు విత్తులు తీసిన కోడిపుంజులకు వానిని తిరిగి నాటి, జుట్టును కూతయు మరలివచ్చుట చూచి, రక్తముద్వారా ఏదియో పనిచేయుచున్నదని గ్రహించెను; టెస్టోస్టెరోను 1935లో గాని వెలికిరాలేదు. పురుషుని ఎముకను పురుష హార్మోనే ముగించునను తలంపును 1994లో ప్రకటితమైన ఒక రోగివృత్తాంతము తలక్రిందులు చేసినది. 204 సెంటీమీటర్ల ఎత్తుగల ఆ 28 ఏండ్ల యువకుని దేహమున ఈస్ట్రోజెను పనిచేయజాలనందున ఫలకములు మూయబడలేదు, ఎముకలు పలుచనై యుండెను. టెస్టోస్టెరోను కొంత ఈస్ట్రోజెనుగా మారి మగవాని ఎముకను గట్టిపఱచుటలో ముఖ్యముగా పాలుపంచుకొనునని అప్పటినుండి తేటపడినది. బాలబాలికలలో వయోజనుల అస్థిసారములో నాలుగవవంతుకు దగ్గఱగ రెండేండ్ల వ్యవధిలోనే చేరుట గూడ ఈ హార్మోనుల వేళయందే.

నల్లరేగడి రైతునకు ఈ శాస్త్రము తెలియదు. ఎముకకై గాక మూపురమునకై వేచియుండినవాడు. అయినను ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు సాగు పశువుల సంతలో కాళ్ల పొడవును చూచి మురిసినవానికి బేరగాడు మూపురమును తడిమి ధర చెప్పుట మామూలే.