'గా' అనే క్రియ

'గా' ప్రత్యయమని బడిలో చదువుకున్నాం. పుట్టుకతో అది క్రియ. 'అగు' ధాతువుకు 'కాన్' అనే రూపం ఉంది. 'కాలేదు', 'కాబోయే' అంటున్నప్పుడు నోట పలికే 'కా' అదే. మాటల వెనక చేరి కకారం గకారమైంది. పద్యాల్లో 'గాన్' అని నిలిచిన నకారం వాడుకలో రాలిపోయింది. అంటే 'గా'కి అసలు అర్థం 'అయ్యేట్టు'.

వంటింట్లో, పెరట్లో ఆ క్రియ ఇంకా బతికే ఉంది. "దోసె ఎర్రగా కాల్చు", "పప్పు మెత్తగా ఉడకనీ", "చొక్కా తెల్లగా ఉతుకు". ఎర్రబడేదాకా, మెత్తబడేదాకా, తెల్లబడేదాకా అని. ఏదో మారుతోంది, మార్చే చెయ్యి కూడా కనిపిస్తోంది. అదే 'గా' కథలోకి వచ్చేసరికి "కోపంగా అన్నాడు", "విచారంగా చూసింది", "ఆప్యాయంగా పలకరించాడు" అవుతుంది. ఇక్కడ ఏదీ ఏమీ కావడం లేదు. రచయిత ఒక భావం పేరు రాసి, 'గా' తగిలించి, పనైపోయిందనుకున్నాడు. వారపత్రికల సీరియళ్ల నుంచి అంటుకున్న జబ్బేమోనని నా అనుమానం.

మా సికింద్రాబాద్‌లో ఈ 'గా' ఇంకా అరిగింది. 'మంచిగ' అంటాం, దాన్ని కూడా తర్వాతి మాటలో కలిపేసి "మంచిగున్నవా?" అని అడుగుతాం. 'జల్ది రా', 'జర జరుగు' లాంటివాటికి అసలు 'గా' ఊసే లేదు. అవి ఉర్దూలోనే క్రియకు విశేషణాలు కనుక వేరే తోక అక్కర్లేకపోయింది. హుషారు, జోరు మాత్రం 'గా' తొడుక్కుని 'హుషారుగా', 'జోరుగా' అయ్యాయి.

స్టీఫెన్ కింగ్ 2000లో వచ్చిన 'ఆన్ రైటింగ్'లో క్రియావిశేషణాల మీద కత్తి కట్టాడు. సలహా మంచిదే, మనకి దారి వేరు. ఇంగ్లీషులో నడకకే డజన్ల కొద్దీ క్రియలున్నాయి. కాళ్లీడ్చే నడకకి ఒకటి, తూలే నడకకి ఒకటి. మనకి నడిచాడు, వచ్చాడు, పోయాడు సరిపోతాయి. తీరంతా ముందొచ్చే అసమాపక క్రియలోనో, 'గబగబా', 'బిరబిరా' వంటి అనుకరణ మాటలోనో ఉంటుంది. అందుకని 'గా'ని తీసేసి దాని స్థానంలో ఒక్క బలమైన క్రియ కోసం నిఘంటువు తిరగేస్తే దొరక్కపోవచ్చు.

"ఆమె బరువైన సంచితో నెమ్మదిగా వంతెన ఎక్కింది." సికింద్రాబాద్ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం నుంచి పదో నంబరుకి పోతున్న మనిషి అనుకుందాం. "రెండు మెట్లకోసారి సంచి చెయ్యి మార్చుకుంటూ వంతెన ఎక్కింది." 'బరువైన' పోయింది, 'నెమ్మదిగా' పోయింది. బరువూ నిదానమూ ఎక్కడికీ పోలేదు. క్రియ మారలేదు, ఎక్కింది ఎక్కిందే. పనంతా 'మార్చుకుంటూ' చేసింది.

మాటాడే చోట మాత్రం మనకి క్రియల కరువు లేదు. కసిరాడు, గద్దించాడు, నసిగాడు, సణిగాడు, దబాయించాడు, బుకాయించాడు. నసిగేవాడు ఏదో దాస్తున్నాడు. సణిగేవాడికి దాచేదేమీ లేదు, ఎదురుగా అనే ధైర్యమే లేదు. "అయిష్టంగా అన్నాడు" అని రాస్తే ఇద్దరిలో ఎవడో తెలియదు. అలాగని పేజీ నిండా గద్దింపులూ దబాయింపులూ నింపితే చదివేవాడికి చెవులు నొప్పెడతాయి. సగం చోట్ల ఉత్త 'అన్నాడు' చాలు.

విశేషణాల సంగతికొస్తే, సికింద్రాబాద్‌లో 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి తన నవలకి 'ప్రజల మనిషి' అని పేరు పెట్టాడు. మంచి మనిషి అనలేదు, గొప్ప మనిషి అనలేదు. షష్ఠిలో ఉన్న ఒక నామవాచకం విశేషణం పని చేసింది, అదీ ఎవరి తరఫు మనిషో చెప్పి మరీ. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడి ముందు జరిగేవాటిని ఊరంతా 'లష్కర్ బోనాలు' అంటుంది. అక్కడా విశేషణం స్థానంలో ఒక పేరే ఉంది. 'ఘనమైన', 'వైభవమైన' అనేవి ఆహ్వానపత్రికలకి మిగిలాయి.

ఇక 'మస్తు'. పారసీలో 'మస్త్' అంటే మత్తెక్కినవాడు. ఇక్కడికొచ్చేసరికి మత్తు దిగి 'చాలా' అయింది. కథనంలో అది కనిపిస్తే నేను కొట్టేస్తాను, 'చాలా'ని కొట్టేసినట్టే. పాత్ర నోట్లోది మాత్రం ముట్టుకోను. చిలకలగూడ ఆటో ఆయన "మస్తు ట్రాఫిక్ ఉన్నది సార్, జర ఆగుండ్రి" అంటే, దాన్ని "చాలా ట్రాఫిక్ ఉందండీ, కొంచెం ఆగండి" అని దిద్దిన ఎడిటరు ఆ ఆటోని బెజవాడ బెంజి సర్కిల్లో దింపినట్టే.