అంబలి కుండ పక్కన ఎండు చేప

ఉత్తరాంధ్ర తిండి చరిత్రలో చోడి (రాగి) అంబలికి పెద్దపీట వేస్తారు. అది న్యాయమే. 1933లో విశాఖ రేవు తెరుచుకున్నప్పుడూ, 1948 మార్చి 14న సింధియా యార్డు నుంచి ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగినప్పుడూ, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడ్డప్పుడూ ఈ ఊరికి పనికోసం వచ్చిన ఎందరో కూలీలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెలవాళ్ళు. ఆ పల్లెల్లో పొద్దుటి తిండి అంబలి, లేదంటే తరవాణిలో నానిన చద్దన్నం. ఇప్పుడు అదే అంబలి ఆరోగ్యం పేరుతో నగరం రోడ్ల మీదికి, బళ్ళ మీదికి తిరిగొచ్చింది. దాని వెంట ఒక నమ్మకం కూడా వచ్చింది: పులిసిన తిండి గనుక అందులో బి12తో సహా ఒంటికి కావలసినవన్నీ ఉంటాయని. ఈ నమ్మకం పాత తిండిని గౌరవిస్తున్నట్టే కనిపిస్తుంది గానీ, దాన్ని సగానికి కోసేస్తోంది. అంబలి ఏనాడూ ఒంటరిగా నిలబడిన తిండి కాదు. దాని పక్కనున్న ఎండు చేపనూ మజ్జిగనూ తీసేసి చెప్పే చరిత్ర ఒంటికి చేటు చేస్తుంది.

కుండలో జరిగేదేమిటో ముందు చూద్దాం. చోడి పిండిని నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి పైన సన్నటి నురగ తేలి, పుల్లటి వాసన వస్తుంది. నూకలు ఉడుకుతున్న ఎసట్లో ఆ పిండినీళ్ళు పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలియబెట్టి దించుతారు. తరవాణి పద్ధతి వేరు. గంజీ, బియ్యం కడుగూ పోస్తూ కుండలో పులియబెడతారు. కుండను పూర్తిగా ఒంపేయరు, అడుగున మిగిలిందే కొత్త గంజికి తోడు. రెండింటిలోనూ ప్రధానంగా పనిచేసేవి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా. అవి గింజలోని ఫైటేట్‌ను తగ్గించి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తాయి, చెడగొట్టే క్రిములను పులుపుతో అడ్డుకుంటాయి. అది చిన్న మేలేమీ కాదు. కానీ వాటిలో చాలావాటికి బి12 తయారు చేసే శక్తి లేదు.

ఆ శక్తి ఉన్నది ప్రొపియోనిక్ ఆమ్ల బాక్టీరియాకు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో స్విట్జర్లాండ్‌లో ఫ్రాయిడెన్‌రైఖ్, ఓర్లా యెన్సెన్ వీటిని ఎమెంటాల్ చీజ్‌లో గుర్తించారు. లాక్టిక్ బాక్టీరియా వదిలిన ఆమ్లాన్నే ఇవి తిని ప్రొపియోనిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం, బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. ఆ చీజ్‌లోని పెద్ద పెద్ద రంధ్రాలు ఈ వాయువు చేసినవే. ప్రొపియోనిక్ ఆమ్లం తయారయ్యే దారిలో ఒక మెట్టు దాటడానికి బి12 కావాలి గనుక, దాన్ని ఇవే తయారు చేసుకుంటాయి. మన ఒంట్లోనూ అదే మెట్టు ఉంది, ఎదురు దిశలో. బి12 తగ్గితే ఆ మెట్టు దగ్గర పని ఆగిపోయి రక్తంలో మిథైల్‌మెలోనిక్ ఆమ్లం పేరుకుంటుంది; లోపాన్ని పట్టుకునే పరీక్షల్లో ఇదొకటి. అయితే ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతాయి, పులుపు ముదిరితే డీలా పడతాయి. చీజ్ వారాల తరబడి మాగుతుంది కాబట్టి అక్కడ నిలుస్తాయి. ఒక రాత్రిలో పులిసి పొద్దున్నే ఉడికిపోయే అంబలిలో వాటికి అంత వ్యవధి లేదు.

మరి మన పూర్వులకు బి12 ఎక్కడి నుంచి వచ్చింది? ఏ మొక్కా, ఏ జంతువూ దాన్ని స్వయంగా తయారు చేయలేదు. కొన్ని సూక్ష్మజీవులకే అది సాధ్యం. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు చేసింది పాలలోకి వస్తుంది. సముద్రంలోని సూక్ష్మజీవులు చేసింది మేత వెంట చేపలోకి చేరుతుంది. జాలరిపేటల్లో ఇసుక మీద ఆరిన నెత్తళ్ళూ కవ్వళ్ళూ గంపలకెక్కి సంతల దారిన లోపలి ఊళ్ళకు వెళ్ళాయి. జాలరి ఆడవాళ్ళు నడిపిన ఈ బేరాన్ని ఆర్థిక చరిత్రలో ఏదో ఒక మూల రాస్తారు. వైద్య చరిత్రలోనూ దానికి చోటుండాలి. మనిషికి రోజుకు కావలసిన బి12 సుమారు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. అంబలిలోకి నంజుకున్న కాసిని ఎండు చేపలు ఆ లెక్కలో చాలా దూరం వస్తాయి.

బి12, ఫోలిక్ ఆమ్లం వేరువేరు పోషకాలని తేలడానికి ప్రపంచ వైద్యానికే చాలాకాలం పట్టింది. ఆ కథలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డ్‌లో పెర్నీషియస్ రక్తహీనతకు మందు కోసం కాలేయ సారంపై పరిశోధించారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది స్ప్రూ అనే పేగు జబ్బు ఉన్నవారికి వరమైంది. పెర్నీషియస్ రక్తహీనతలో మాత్రం రక్తం బాగుపడినా నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. అక్కడ కొరవడినది బి12. ‘జల ఉష’ నీటిలోకి దిగిన మరుసటి నెలలోనే, 1948 ఏప్రిల్‌లో, మెర్క్ శాస్త్రవేత్తలు దాని ఎర్రటి స్ఫటికాలను ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఒక పోషకం సమృద్ధిగా ఉంటే మరోదాని లోటు కనబడకుండా పోతుందన్నది ఆనాటి పాఠం. అంబలికీ అది వర్తిస్తుంది.

తరతరాలుగా శాకాహారులు బతకలేదా అని అడగవచ్చు. బతికారు, పాడి ఉన్న ఇళ్ళలో పాలూ పెరుగూ ఆదుకున్నాయి. పైగా కాలేయం ఈ విటమిన్‌ను ఏళ్ళకు సరిపడా దాచుకుంటుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. దక్షిణ భారతీయుల చిన్నపేగులోని కొన్ని బాక్టీరియా బి12 తయారు చేయగలవని 1980లో వెల్లూరు వైద్యులు చూపించిన మాటా నిజమే. కానీ అదే వెల్లూరు నుంచి 1962లో మరో నివేదిక వచ్చింది: బి12 లోపించిన తల్లుల పాలు తాగిన పసిబిడ్డల్లో రక్తహీనత, మందకొడితనం, ఎదుగుదల వెనకబడడం. పేగు మీదే భారం వేయలేమని ఆ బిడ్డలు చెబుతున్నారు. పులిసిన తిండిలో బి12 కనిపించిందనే పరీక్షలు కూడా ఉన్నాయి. అయితే కొన్ని పరీక్షలు ఒంటికి పనికిరాని నకిలీ రూపాలనూ బి12గానే లెక్కిస్తాయి.

ఈ వాదన చరిత్ర పుస్తకానికి పరిమితం కాదు. ఇవాళ మధుమేహం ఉన్నవాళ్ళెందరో అన్నం తగ్గించి అంబలికి మళ్ళుతున్నారు. వారిలో చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12ను తగ్గిస్తుంది. అరికాళ్ళ తిమ్మిరి షుగర్ వల్లేననుకుని ఊరుకుంటే నరాలకు జరిగే నష్టం తిరిగి పూడకపోవచ్చు. చేప తినేవారు చేపతో, తిననివారు పాలు పెరుగులతో అంబలి తాగాలి. పాలు కూడా మానేసినవారికి మాత్ర తప్పదు. ఆ మాత్రలోని విటమిన్‌ను పెద్ద పెద్ద ట్యాంకుల్లో తయారు చేసేది బాక్టీరియానే, వాటిలో ప్రొపియోనిక్ జాతి ఒకటి. మన కుండలో లేని జీవి పనిని ఒకప్పుడు సముద్రమూ పశువుల కొట్టమూ చేసిపెట్టాయి. ఆ రెండింటికీ దూరమైన ఇంటికి మందుల షాపు ఆ పని చేయాలి. పాత తిండిని నిలుపుకోవడమంటే దాని జతను కూడా నిలుపుకోవడమే.